తాతబ్బాయి తీగ, మా వీధి బొంతలు

మా వీధికి ఇంటర్నెట్ వచ్చేది తాతబ్బాయి చేతుల మీదుగా. నర్సీపట్నంలో టీవీ కేబుళ్ళు లాగే రోజుల నుంచీ అతనికి ఇదే పని. భుజాన నిచ్చెన, మెడలో దండలా టేపు చుట్ట. స్తంభం ఎక్కాక ఎవరు పిలిచినా పలకడు. దిగాక మాత్రం తిట్టినవాళ్ళకి కూడా అండీ అనే సమాధానం చెబుతాడు. ఆ మెతకదనం చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది.

ఇప్పుడు లాగేది ఫైబర్. లోపల వెంట్రుక మందాన గాజు, ఆ గాజులోంచి వెలుగు పోతుందట, ఆ వెలుగే నెట్టట. నేను నమ్మకపోతే ఒక ముక్క తెచ్చి చూపించాడు. గాజు నలిగితే వెలుగు ఆగిపోతుంది, అంతే. మూడో తరగతితో ఆగినదాన్ని, నాకే అర్థమైంది. మా ఎదురింటి అప్పలలక్ష్మికి కాలేదు.

నాలుగిళ్ళకి పోయే తీగ ఆవిడ మేడ మీద చెయ్యి అందేంత ఎత్తులో వేలాడుతుంది. దాని మీద బట్టలు ఆరేస్తుంది. చీరలైతే పోనీ అనుకుందును. తడి బొంతలు!

వారం తిరక్కుండా నెట్ పోవడం, వీధంతా కేబుల్ ఆఫీసుకి ఫోన్లు చేయడం. ఓనరు జగదీశ్వరరావు విసిగిపోయి, ఇంకొక్క కంప్లయింటు వస్తే తాతబ్బాయిని గొలుగొండ రూట్లో పడేస్తానన్నాడు. అక్కడ చెరుకు లోడు లారీ వెళ్ళిన ప్రతిసారీ తీగ తెగుతుంది. ఆ రూట్లో ఎవరూ నిలబడలేదు. పైగా తాతబ్బాయి ఇల్లు, పిల్లల బడి అన్నీ ఇక్కడే.

వెళ్ళి అప్పలలక్ష్మిని బతిమాలాడు. "అప్పా, మరేటీ అనుకోకు. దాని మీద బరువెయ్యకూడదు. లోపల గాజు నలిగిపోతాది."

"కాకులు కూసోటం లేదేటి? మా బొంతే బరువొచ్చిందా? మరి నా బట్టలెక్కడారెయ్యమంటావు, నీ నెత్తి మీదా?"

తల వంచుకుని వచ్చేశాడు. నేను ఊరుకోలేదు. "ఒరే, ఓనరుకి ఉన్నదున్నట్టు సెప్పరా!"

"ఎలా సెప్తాను పెద్దమ్మా? కస్టమరు కదా. కోపమొస్తే కనెక్షన్ తీయించేస్తాది."

"నీ ఉజ్జోగం పోతే తెచ్చిస్తాదేటి?"

నవ్వాడు. మర్నాడు నైలాను తాడు కొనితెచ్చి, తీగకి దూరంగా ఆవిడ బట్టల కోసం తనే కట్టాడు. తెల్లారి చూద్దును కదా, తాడు మీద చీరలు, తీగ మీద బొంతలు!

"ఏటే ఇది?" అన్నాను.

"తాడు సన్నంగా ఉందత్తా. తెగిపోద్ది. బొంతలకి ఆ నల్లదే గట్టి."

ఆ సాయంత్రమే ఆవిడ మొగుడు మన్మథరావు వియ్యాలవారితో వీడియోలో మాట్లాడుతుంటే బొమ్మ ఆగిపోయింది. అవమానం జరిగిపోయిందని ఆఫీసుకి ఫోను చేసి గొంతు చించుకున్నాడు. పొద్దున్నే జగదీశ్వరరావు బండి మీద దిగాడు. నేను గుమ్మంలో నిలబడి వీధంతా వినేలా చెప్పాను, బొంతల సంగతి, తాడు సంగతి.

ఓనరు తాతబ్బాయిని అడిగాడు. "ఆవిడ చెప్పింది నిజమేనా?"

తాతబ్బాయి అప్పలలక్ష్మి వైపు చూశాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇతను నేల చూపులు చూస్తూ, "గాలికి ఊగి నలిగిందండి" అన్నాడు.

నన్ను అబద్ధాలకోరుని చేసేశాడు! చీపురు విసురుదామన్నంత కోపం వచ్చింది. వాడి అన్నం వాడే కాలదన్నుకుంటే నేనేం చెయ్యను?

సోమవారం నుంచి గొలుగొండ రూటు. వెళ్ళేముందు మా గుమ్మంలో ఆగి, "పెద్దమ్మా, కోపమా?" అన్నాడు. తలుపు వేసేశాను.

కొత్తగా వచ్చినవాడు ఫోనెత్తడు. ఎత్తినా రేపంటాడు. నెట్ లేక వీధంతా ఉసూరుమంటుంటే అప్పలలక్ష్మి మా గుమ్మానికి వచ్చింది.

"అత్తా, తాతబ్బాయి నంబరుందేటి? బేగి ఒక్కసారొచ్చి సూడమందును."

"ఉంది. ముందు పోయి ఆ బొంత తియ్యి."

మేడకేసి చూసి, "ఇంకా ఆరలేదత్తా" అంది.