ఎత్తుకోనా తల్లీ?

మా కోడలి తల్లి పసిపిల్లను అడగకుండా ఎత్తుకునేది కాదు. రెండు చేతులు చాచి, "ఎత్తుకోనా తల్లీ?" అని ఆగేది. నా మనవరాలు ఆమెను చూసి, నవ్వి, కాళ్లు ఆడించేదాకా అలాగే వంగి నిలబడేది.

పిల్లకు ఐదో నెలలో ఆమె తల్లీబిడ్డలను కాకినాడ నుంచి గుండ్లపోచంపల్లిలోని మా ఫ్లాటుకు తీసుకొచ్చి, కొన్నాళ్లు మాతోనే ఉంది. నాకు పిల్ల పాలకు ఒక టైము, స్నానానికి ఒక టైము. గడియారం చూసి చటుక్కున ఎత్తుకుంటే పిల్ల ఏడ్చి ఆమె వైపు వాలేది. నాకు ఒళ్లు మండేది.

"గింత పిల్లను అడుగుడేంది వదినె? అది జవాబు చెప్తదా?" అన్నాను ఒకసారి.

"చెప్తుంది వదినగారూ. మనమే ఆగం," అంది.

ఆమె వెళ్లే రోజు వచ్చింది. మర్నాటి నుంచి కోడలు ఆఫీసుకు పోతుంది, పిల్ల నా దగ్గరే ఉండాలి. ఆమె చంకలో ఉన్న పిల్ల వైపు నేను చేతులు చాచి, "వస్తవా బిడ్డా?" అని మొదటిసారి ఆగాను. పిల్ల నన్ను చూసింది. తల తిప్పి ఆమెను చూసింది. ఆమె ఒక్క నవ్వు నవ్వితే చాలు, పిల్ల అక్కడే ఉండిపోయేది. ఆమె మొహం తిప్పుకుని గోడను చూస్తూ నిలబడింది.

పిల్ల నా మీదికి వాలింది.

"వీపుకు చెయ్యి ఆనించండి వదినగారూ," అంది ఆమె, ఇటు తిరగకుండానే.

అప్పటికే ఆనించాను. అయినా చివరి మాట కూడా ఆమెదే కావాలి.