మూడోరోజు హల్వా

షీరాజ్‌లో బడిపిల్లలకు యూనిఫాంలు కుట్టే తూరాన్‌కు కోపం ముక్కు మీదే ఉంటుంది. భర్త ఫెరిదూన్ నరాల జబ్బుతో మంచం పట్టాక, విదేశీ ఇంజెక్షన్ల కోసం ఆమె ఎక్కని మందులషాపు మెట్టు లేదు. దేశం మీద విదేశాలు పెట్టిన ఆంక్షలు మందులకు వర్తించవని రేడియోలో చెప్పినప్పుడల్లా విరుచుకుపడేది.

"వర్తించవట! డబ్బు పంపడానికి ఒక్క బ్యాంకూ ఒప్పుకోకపోతే మందు కాళ్లొచ్చి నడిచొస్తుందా?"

"రేడియోకు చెవులుండవే పిచ్చిదానా," అని నవ్వేవాడు ఫెరిదూన్.

ఆ ఫెరిదూన్ పోయాడు. మూడోరోజు పరామర్శకు వచ్చినవాళ్లలో ముక్కూమొహం తెలియని ఒకామె అందరికంటే ఎక్కువ ఏడ్చింది. పోయినవాడి పేరున పంచిన హల్వా మాత్రం ముట్టలేదు. తూరాన్ వెనకే వంటగదిలోకి వచ్చి తల దించుకుంది.

"అక్కా, సిగ్గు విడిచి అడుగుతున్నాను. ఆయన ఇంజెక్షన్లు ఏమైనా మిగిలాయా? మా అమ్మాయికీ అదే జబ్బు."

తూరాన్‌కు ఒళ్లు మండిపోయింది.

"సమాధి మీద మట్టి ఇంకా ఆరనేలేదు, అప్పుడే నా ఫ్రిజ్ మీద కన్నేశావా?"

ఆమె వెనుదిరిగింది. తూరాన్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. ఫ్రిజ్ తెరిచి, మిగిలిన రెండు ఇంజెక్షన్లూ ఐసుముక్కలతో కలిపి గుడ్డలో చుట్టి, విసురుగా ఆమె చేతిలో పెట్టింది.

"మీకివి ఏ షాపులో దొరికాయక్కా?" అని ఆశగా అడిగిందామె.

"షాపా! కాజెరూన్‌లో ఒక చావింట్లో దొరికాయి. నేను కనీసం హల్వా తిన్నాక అడిగాను. కూర్చో, ముందు తిను."