లాజరు బొటనవేలి ముద్ర

లాజరు బొటనవేలి ముద్ర నా దగ్గర ఉంది. కాగితం మీద కాదు, బొక్కలు పూడ్చే ఎం-సీల్ గట్టిపడిపోయిన ముద్ద మీద. సూర్యాపేటలో హైవే పక్కనున్న నా టింకరింగ్ షెడ్డులో, పాత నట్లు వేసుకునే రేకు డబ్బాలో పడి ఉంది. పారేద్దామని రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను, పారేయలేదు. ఎందుకో చెప్పాలంటే లాజరు సంగతి మొదటినుంచీ చెప్పాలి. ఇందులో వెంకన్న అనే నా పేరు మంచిగా వినపడదు. వినపడాల్సిన అవసరమూ లేదు.

లాజరుది పాలకీడు. తండ్రి కూలి మనిషి. సాగర్ కాలువ తూముల దగ్గర పేరుకున్న గుర్రపుడెక్క, చెత్త లాగే పనికి పోతూ కొడుకునూ వెంట తీసుకుపోయేవాడు. సెంటు భూమి లేని ఇంట్లో పుట్టినవాడు కాబట్టి లాజరు డ్రైవింగ్ నేర్చుకున్నాడు. మిర్యాలగూడలో రైస్ మిల్లు ఓనరు యుగంధర్ దగ్గర పదమూడేళ్లు కారు నడిపాడు. రెండు చేతులు, రెండు కాళ్లు, అదే అతని ఆస్తి. భార్య శాంతకుమారి అంగన్‌వాడీలో ఆయా.

డోరు సొట్ట తీయించడానికి ఒకసారి నా దగ్గరికి వచ్చినప్పుడు, కారు లోపల నీళ్లు పోయే దారులు నేనే చూపించాను. వాన నీళ్లు కిటికీ అద్దాల సందులోంచి డోర్లలోకి దిగుతాయి. డోర్ల అడుగున చిన్న బొక్కలుంటాయి, అక్కణ్ణుంచి బయటికి పోతాయి. ముందు అద్దం కింద వైపర్ల దగ్గర జాలీ ఉంటుంది కదా, దాని కిందా ఒక కాలువ ఉంటుంది. ఆ నీళ్లు రెండు పక్కలకూ పోయి ముందు టైర్ల వెనక నేల మీద పడతాయి. అవి మూసుకుపోతే నీళ్లు లోపలికే మళ్లి, మ్యాట్ కింద నిలిచి, రేకును తినేస్తాయి. బయటినుంచి చూస్తే కారు పెళ్లికొడుకులా మెరుస్తూనే ఉంటుంది.

“ఇవి తూములే గదనే!” అన్నాడు లాజరు. ఆ రోజునుంచి వాటి పేరు అదే.

మిల్లు దగ్గర గాలి నిండా తౌడు, ఊక దుమ్ము. అది జాలీలో పడి తడిస్తే పిండి ముద్ద, ఎండితే రాయి. మిగతా మిల్లుల కార్లు నాలుగైదేళ్లకే అడుగు తుప్పు పట్టి నా షెడ్డుకు వచ్చేవి. లాజరు కారు తుప్పు పనికి ఎప్పుడూ రాలేదు. రోజూ పొద్దున్నే చీపురుపుల్లతో డోర్ల అడుగు, సైకిల్ బ్రేకు వైరుతో అద్దం కింది తూములు గుచ్చేవాడు. తర్వాత చెంబెడు నీళ్లు జాలీ మీద పోసి, కిందికి వంగి చూసేవాడు. రెండు టైర్ల వెనకా ధార పడితేనే బండి తీసేవాడు. ఒక పక్క సన్నగా పడిందా, మళ్లీ వైరు పట్టుకునేవాడు.

“అయిందారా, కారు చెవులల్ల గుబిలి తీసుడు?” అని యుగంధర్ ఎగతాళి చేసేవాడు. దాంతో మిల్లు హమాలీలకు కూడా అతను గుబిలి లాజరు అయిపోయాడు. పిలిస్తే నవ్వుతూ పలికేవాడు. నాకైతే ఒళ్లు మండేది. మండినా ఆ మిల్లు లారీల బాడీ పనంతా నా షెడ్డుకే వస్తుంది కాబట్టి నేనూ నవ్వేవాణ్ణి.

యుగంధర్ కొత్త ఇల్లు కట్టాడు. పోర్టికోలో తెల్ల మార్బుల్ పరిపించాడు. వాన పడ్డా, కారు కడిగినా, తూముల్లోంచి తౌడు కలిసిన గోధుమరంగు నీళ్లు ఆ తెల్ల బండ మీద కారేవి. గృహప్రవేశమైన వారానికే లాజరును పిలిచాడు.

“నీళ్లు కారే బొక్కలన్ని మూసెయ్.”

“సార్, అవి మూస్తే లోపల తుప్పు పడ్తది.”

“కారు నాది, బండ నాది. గీడ నీదేమున్నదిరా?”

లాజరు ఆ కారేసుకుని నా దగ్గరికి వచ్చాడు. “అన్నా, నువ్వు పనోనివి. నువ్వు చెప్తే సార్ ఇంటడు. ఒక్క ఫోన్ చెయ్యే,” అన్నాడు.

ఫోను నా జేబులోనే ఉంది. “పెద్దోళ్లతోటి మనకెందుకు లాజరూ, ఆయన చెప్పినట్టు చెయ్యి,” అన్నాను. అంతటితో ఆగలేదు. అరలోంచి ఎం-సీల్ ప్యాకెట్లు తీసి చేతిలో పెట్టాను. ప్యాకెట్లోని రెండు రంగుల ముద్దలూ కలిసి ఒకటయ్యేదాకా అతను పిసికాడు. డోర్ల బొక్కల్లో చిన్న ఉండలు పెట్టాడు. అద్దం కింది తూములు రెండింటిలో పెద్ద ముద్దలు పెట్టి బొటనవేలితో అదిమి పట్టుకున్నాడు.

“ఇగ నీళ్లు యాడికి పోతయే?” అన్నాడు.

“గట్టిపడేదాకా కదిలియ్యకు,” అన్నాను. నా దగ్గరున్న జవాబు అదే.

మొదటి వానకే మనసాగక డోర్ల ఉండలు తీసేశాడు. బండ మీద మరక చూసిన యుగంధర్ పనివాళ్లందరినీ పిలిచి నిలబెట్టాడు. లాజరు చేత చొక్కా విప్పించి, మోకాళ్ల మీద కూర్చోబెట్టి, ఆ చొక్కాతోనే తుడిపించాడు. సాయంత్రానికి మళ్లీ ఉండలు పెట్టించాడు. ఆ తర్వాత లాజరు వాటి జోలికి పోలేదు. చీపురుపుల్ల, వైరు డాష్‌బోర్డులోనే ఉండిపోయాయి.

రెండో వానాకాలానికి కారులో కంపు మొదలైంది. ముందు సీట్ల మ్యాట్ కింద నీళ్లు నిలిచి, తౌడు కుళ్లిన వాసన అది. యుగంధర్ ముక్కు మూసుకుని, “నీ కాళ్ల కంపురా ఇది” అన్నాడు. ఆ రోజునుంచి లాజరు చెప్పులు డిక్కీలో పెట్టి, గేటు బయట నల్లా దగ్గర కాళ్లు కడుక్కుని, ఉత్త కాళ్లతో బండెక్కాలి. ఎవరైనా చుట్టాలు కారెక్కితే, “మావోడు కాళ్లు కడుక్కునే ఎక్కిండు, భయపడకుండ్రి” అని నవ్వించేవాడు. యాభై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, అద్దంలో వెనక్కి చూడకుండా బండి నడిపేవాడు.

మూడో ఏడు డ్రైవర్ సీటు ఊగసాగింది. బ్రేకు వేస్తే ముందుకు, గేరు మారిస్తే వెనక్కి.

“సార్, సీటు కింద రేకును తుప్పు తిన్నది. సీటు ఊడేటట్టున్నది. వెంకన్న కాడ చూపిద్దం.”

“ఊడితే నీ సీటే గద ఊడేది?” అన్నాడు యుగంధర్. ఈ మాట లాజరే నాకు చెప్పాడు. చెప్తూ తనే నవ్వాడు. చెంప మీద ఎవరో కొట్టినట్టు నేను లేచి యుగంధర్‌కు ఫోన్ చేయాల్సింది. టీ తెప్పించాను.

కోదాడలో ఒక పెళ్లి చూసుకుని తిరిగి వస్తుంటే, మునగాల దాటాక ముందు పోతున్న లారీ ఆగిపోయింది. లాజరు బ్రేకు తొక్కాడు. కారు ఆగింది, సీటు ఆగలేదు. నాలుగు బోల్టులూ తుప్పు రేకును చింపుకుని బయటికి వచ్చాయి. వెనక బెల్టు పెట్టుకోకుండా కూర్చున్న నూటపది కిలోల యుగంధర్ వచ్చి ఆ సీటు మీద పడ్డాడు. సీటుకూ స్టీరింగుకూ మధ్య లాజరు నడుము నలిగింది. యుగంధర్‌కు పెదవి చిట్లింది.

సూర్యాపేట దవాఖానలో డాక్టర్లు ఒకటే మాట చెప్పారు. వెన్నుపూస విరిగింది, రెండు మూడు రోజుల్లో హైదరాబాద్‌లో ఆపరేషన్ అయితే కాళ్లు దక్కే ఆశ ఉంది, ఆలస్యమైతే లేదు. కారును నా షెడ్డుకు లాక్కొచ్చారు. మర్నాడు పొద్దున మిల్లుల డ్రైవర్లు పది మంది, శాంతకుమారి, యుగంధర్ అక్కడికే వచ్చారు. సార్ తన ఖర్చుతో, దగ్గరుండి ఆపరేషన్ చేయించాలని డ్రైవర్ల మాట.

“సీటు ఎందుకు ఊడిందో ముందు తేలనియ్,” అన్నాడు యుగంధర్. “వెంకన్నా, మ్యాట్ తియ్.”

తీశాను. రేకు నానిన అప్పడంలా వేళ్లకు వచ్చింది. కింద నేల కనపడింది. అద్దం కింది జాలీ విప్పితే జానెడు మందాన కుళ్లిన తౌడు, దాని అడుగున ముద్ద. ఊడదీశాను. యుగంధర్ దాన్ని అందుకుని వెలుతురుకు పెట్టి అందరికీ చూపించాడు. గీతలతో సహా బొటనవేలి ముద్ర.

“తూము మూసింది ఎవడు? ఇదెవని వేలు?”

“లాజరుది,” అన్నాను. అది నిజం.

“మీరు చెప్తేనే గద సారూ పెట్టిండు!” అంది శాంతకుమారి.

“నేను చెప్పిన్నా? వెంకన్నా, నేను చెప్పంగ నువ్వు ఇన్నవా?”

చెప్పగా నేను వినలేదు. అది కూడా నిజమే. ఆ నిజాన్ని చేతికర్రలా పట్టుకుని, “నాకు తెల్వదు సార్,” అన్నాను. శాంతకుమారి నా వంక చూసింది. ఆ రోజు ప్యాకెట్లు ఎవరిచ్చారో ఆమెకు తెలుసు. “అన్నా,” అని మాత్రం అంది. డ్రైవర్లు తలలు దించుకుని ఒక్కొక్కరే బండ్ల దగ్గరికి వెళ్లిపోయారు. యుగంధర్ ముద్దను నా బల్ల మీద పడేసి, కర్చీఫుతో చేయి తుడుచుకున్నాడు.

యుగంధర్ పైసా తీయలేదు; చుట్టాలు ఉచిత వైద్యం కార్డులు, కాగితాలు పట్టుకు తిరిగి తొమ్మిదో రోజుకు లాజరును హైదరాబాద్ చేర్చారు. అప్పటికి ఆలస్యమైపోయింది. కాళ్లు పోయాయి.

ఒక్కసారే పాలకీడు పోయి చూశాను. మంచం మీద ఉన్నాడు. నడుము కింద దేనిమీదా వశం లేదు. మూత్రం పైపులో నలకలు అడ్డం పడితే జ్వరం వస్తుందట, శాంతకుమారి పూటపూటకూ చూసుకుంటోంది. నన్ను చూసి ఆమె లోపలికి వెళ్లిపోయింది. లాజరు మాత్రం చేయి పట్టుకున్నాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

“సార్ కొత్త కారు కొన్నడట గదనే. డ్రైవర్ కొత్త పోరడట. తూముల సంగతి చెప్పినవా ఆనికి? నా వైరు పాత కార్లనే ఉండె, ఇయ్యరాదూ,” అన్నాడు.

“చెప్పిన, ఇచ్చిన,” అన్నాను. రెండూ అబద్ధాలే.

పోయిన వారం ఆ కొత్త కారు నా షెడ్డుకు వచ్చింది. యుగంధర్ కూడా వచ్చాడు. “మళ్ల బండ ఖరాబైతున్నది వెంకన్నా. పోయినసారి వానికి పెట్టుడు రాలే. నువ్వు మంచిగ పెట్టు,” అన్నాడు. డ్రైవర్ తన సీట్లోనే కూర్చుని పాటలు వింటున్నాడు. అతని సీటు కింద రేకు ఇంకా తెల్లగా, కొత్తగా ఉంది.

అరలోంచి ప్యాకెట్లు తీశాను. రెండు రంగులూ ఒకటయ్యేదాకా పిసికాను. తూముల్లో పెట్టి, గట్టిపడేదాకా బొటనవేలితో అదిమి పట్టుకున్నాను. చేతులకు గ్లౌజులు తొడుక్కునే పట్టుకున్నాను.