కౌన్సిలు మెంబరు కాడి ఎత్తాడా?

బొబ్బిలిలో మారి సాలూరు రైలు ఎక్కేటప్పటికే నా నోరు ఆగడం లేదు. ఎదురుగా కూర్చున్న బెల్లం వ్యాపారికి చెప్పాను, పక్కాయన దిగిపోతే ఆయన చోట్లోకి వచ్చినాయనకి మొదటినుంచి మళ్లీ చెప్పాను. బి.ఏ. పాసయ్యానన్నది ఒక వార్త. మా ఇంట్లో నాకు ముందు అక్షరం ముక్క వచ్చినవాడు లేడు కాబట్టి అది పెద్ద వార్తే. కానీ నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది రెండోది. మద్రాసు శాసనసభలో, అదే కౌన్సిల్లో, ఏ మెంబరు ఏ బిల్లుకి ఎటు ఓటేశాడో పేరుపేరునా అచ్చువేస్తారు! విజయనగరంలో మా కాలేజీ రీడింగు రూములో ఆ పుస్తకాలు బీరువా నిండా ఉన్నాయి. పరీక్షలైపోయి ఇక చదవాల్సింది ఏమీ లేక, ఊరికే తలుపు తీసి చూశాను. చూస్తే మా బళ్ల మీద దారిసుంకం వేసిన ఆశీలు బిల్లు కనిపించింది.

మాది బళ్లు తోలుకునే ఇల్లు. సాలూరు స్టేషన్లో దిగిన ఉప్పు, కిరసనాయిలు, ఎండుచేపలు కొండమీదికి ఎక్కించడం, కొండమీది చింతపండు, పసుపు, కరక్కాయ కిందికి దింపడం మా వాళ్ల పని. ఘాటీ కొండదారిలో బళ్లు ఒంటరిగా వెళ్లవు, వరసకట్టి వెళ్తాయి. ఆ వరసలో ముందుబండి మా అయ్యది. బళ్లవాళ్లు సంఘం పెట్టుకున్నప్పుడు మా మేనమామని ప్రెసిడెంటు చేశారు గానీ, మాటకు విలువ మాత్రం ముందుబండిదే.

కొండదారి బాగుచేయడానికని ఘాటీ ఎక్కే ప్రతి బండి దగ్గరా ఆశీలు పుచ్చుకునే బిల్లు ఒకటి మద్రాసులో పాసయింది. దారికి అడ్డంగా గేటు లేచింది. ఆశీలు కిరాయిలో కలిసింది, కిరాయి ఉప్పు ధరలో కలిసింది. సంతకి వచ్చే కొండవాళ్లు మా వాళ్లనే దొంగల్ని చూసినట్టు చూశారు. అప్పుడు మా కౌన్సిలు మెంబరుగారు సాలూరు వచ్చి, "నేను ఆ బిల్లుకి వ్యతిరేకంగా ఓటేశాను" అని చెప్పి వెళ్లాడు. మళ్లీ ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. ఆయనకి సంఘం బళ్లు ఇవ్వాలా వద్దా అన్న మాట వచ్చినప్పుడు, "ఆయన మనోడే, నాది పూచీ" అన్నాడట అయ్య.

బళ్లు ఇవ్వడమంటే చిన్న విషయం కాదు. ఆ రోజుల్లో పన్ను కట్టే భూమో ఇల్లో ఉన్నవాడికే ఓటు. మా వాళ్లలో ఓటున్న మనిషిని వెతకాలి. కానీ చుట్టుపక్కల ఊళ్లలో ఉన్న ఓటర్లు పోలింగుకి రావాలంటే మా బళ్లే దిక్కు. సంఘం చేతిలో ఉన్న ఓటు అదొక్కటే. దానికి అయ్య పూచీగా నిలబడి మాటిచ్చాడు. ఆ మాట వెనక నేను కూడా ఉన్నాను. మెంబరుగారు ఒక్క మాట చెప్పబట్టే విజయనగరం సత్రంలో నాకు చదువు పూర్తయ్యేదాకా భోజనం జరిగింది.

స్టేషను బయట అయ్య బండితో నిలబడి ఉన్నాడు.

"పాసయ్యానయ్యా!"

"ఎరుగుదును. తంతి గుమస్తా పొద్దున్నే సెప్పీసినాడు. ఊరంతా ఎరుగుదురు. ఎక్కు బేగి, మీయమ్మ సూస్తంది."

"అది కాదయ్యా. మెంబరుగారు ఓటెటేశాడో చూశాను. అచ్చులో ఉంది. పేరు పేరునా రాసుకొచ్చాను."

అయ్య ఎద్దుల్ని ఆపేశాడు. "ఎటేసినాడు?"

"ఒక్క ఓటు కాదు. రెండున్నాయి. మొదటిది..."

"ఆగు." అయ్య చెయ్యి నా నోటికి అడ్డం వచ్చింది. "నాకు సెప్పకు. సంఘంలో సెప్పు. నాకు ముందు తెలిస్తే, పూచీ పడ్డోడు కాబట్టి దాసీసినాడంటారు."

సాయంత్రం దాకా నేను పడిన అవస్థ నాకే తెలుసు. అమ్మ అట్లు వేసి పెడుతూ "ఏట్రా, పాసైనోడివి అలా మెలికలు తిరిగిపోతన్నావు, కడుపు బాగోలేదేటి?" అని మూడుసార్లు అడిగింది.

సంఘం అంటే స్టేషను పక్కన బళ్లు విప్పే మైదానమే. పొద్దు వాలేవేళకి అందరూ చేరారు. నన్ను ఒక బండి నొగల మీద ఎక్కించి కూర్చోబెట్టారు. నేను నోరు తెరిచేలోగానే మావ మొదలుపెట్టాడు.

"మెంబరు మంచోడా సెడ్డోడా అని మనం ఇన్నాళ్లు ఎలాగ సూసినాం? మాయమ్మ పోయినపుడు ఇంటికొచ్చినాడు. అందుకని మంచోడు."

"నా కూతురు పెళ్లికి రాలేదు," అన్నాడు వెనకనుంచి ఒకడు.

"నువ్వు పిలిస్తే గదా!"

"పిలవకపోతే రాకూడదేటి, ఓటుకైతే పిలవకుండానే వస్తాడు గదా!"

అందరూ నవ్వారు. నేను నవ్వు తగ్గేదాకా కూడా ఆగలేకపోయాను. కౌన్సిల్లో బిల్లు మీద లెక్క తీసేటప్పుడు ఎలా జరుగుతుందో చెప్పాను. ఉపన్యాసాలన్నీ అయ్యాక, అనుకూలమన్నవాళ్ల పేర్లు ఒకచోట రాస్తారు. ప్రతికూలమన్నవాళ్ల పేర్లు ఇంకొకచోట. ఎటూ కలవకుండా ఉండిపోయినవాళ్ల పేర్లు మూడోచోట. వీళ్లని న్యూట్రల్ అంటారు.

"న్యూట్రలా? అదేం జబ్బురా?" అన్నాడు మావ.

"మొన్న ఘాటీ మొదట్లో నువ్వు సేసినావే, అదే జబ్బు," అన్నాడు ఇందాకటి వెనకాయన. ఈసారి మావ మినహా అందరూ నవ్వారు.

ఈ మాటతో నాకు ఠక్కున వెలిగింది. నేను పుట్టినప్పటినుంచీ చూస్తున్న సంగతే, ఎప్పుడూ కౌన్సిలుతో కలిపి చూడలేదు. ఘాటీ మొదట్లో మబ్బు పట్టి ఉంటే ఎక్కాలా ఆగాలా అని మా వాళ్లు నోటితో అడగరు. అడిగితే ప్రతివాడూ "నీ ఇష్టం బావా" అంటాడు. ముందుబండివాడు కేక వేస్తాడు. వెళ్దామన్నవాడు కాడి ఎత్తి ఎద్దుల మెడమీద పెడతాడు. ఆగుదామన్నవాడు కాడి నేలమీద ఉంచేస్తాడు. ముందుబండివాడు వెనక్కి తిరిగి వరస చూసి చెబుతాడు. కాడి సగం ఎత్తి భుజంమీద పెట్టుకుని, పక్కబండివైపు చూస్తూ నిలబడేవాడు కూడా ఒకడో ఇద్దరో ఎప్పుడూ ఉంటారు. మద్రాసులో పెద్ద హాల్లో, తెల్లచొక్కాలవాళ్లు చేసేది సరిగ్గా ఇదే!

"అయితే అడిగేది ఒక్కటే గదరా," అన్నాడు అయ్య. "ఆయన కాడి ఎత్తినాడా, దించినాడా?"

కాగితం తీశాను. చదవక్కర్లేదు, దారిపొడుగునా కంఠతా వచ్చేసింది. బిల్లు మీద రెండుసార్లు లెక్క తీశారు. మొదట ఒక సవరణ వచ్చింది: మోటార్ల దగ్గర ఆశీలు పుచ్చుకోండి, ఎద్దుబళ్లని వదిలేయండి అని. అది నాలుగు వేళ్ల మీద లెక్కపెట్టేంత తేడాతో ఓడిపోయింది. మా మెంబరుగారి పేరు న్యూట్రల్‌లో ఉంది. తర్వాత బిల్లు మొత్తానికి లెక్క తీశారు. అటు జనం జనంలా ఉన్నారు, ఇటు కొద్దిమంది. ఆ కొద్దిమందిలో మా మెంబరుగారు ఉన్నాడు, ప్రతికూలంగా.

"అయితే ఆయన సెప్పింది నిజమే!" అన్నాడు ఒకడు. "బిల్లుకి అడ్డంగానే ఏసినాడు గదా!"

"నిజమే, గానీ ఎప్పుడేసినాడు?" మావ లేచి నిలబడ్డాడు. "వరసలో అందరూ ఎత్తీసినాక నువ్వొక్కడివి దించితే ఏటి, ఎత్తితే ఏటి? బళ్లాగిపోతాయా?"

"అలాగంటే ఓడిపోయేకాడ నిలబడినోడికి మర్యాదే లేదేటి?"

"ఉన్నాది. గానీ గెలవగలిగేకాడ కూకున్నోడికి మాత్రం లేదు."

ఇక్కడినుంచి చర్చ నాకు చెప్పలేనంత రుచిగా సాగింది. కాలేజీలో రాజకీయశాస్త్రం చెప్పిన ప్రొఫెసరు ఈ ప్రశ్నలేవీ వేసిన గుర్తు లేదు. రెండు ఓట్లలో ఏది పెద్దది? ఆఖరిదే అసలుదని ఒకరు. ఫలితాన్ని పక్కకి తిప్పగలిగే ఓటు ఏదో అదే అసలుదని ఇంకొకరు. న్యూట్రల్‌ని ప్రతికూలం కింద కట్టాలా, సెలవు కింద కట్టాలా? ఆ రోజు ఆయనకి జ్వరమేమో? జ్వరమైతే రెండో ఓటుకి ఎలా లేచాడు, మధ్యలో కాఫీ తాగేంత టైము కూడా లేదే? నేను మాటిమాటికీ కాగితం చూసి జవాబు చెబుతున్నాను. చెప్పేకొద్దీ కొత్త ప్రశ్న పుడుతోంది. సంతోషం పట్టలేక నొగల మీదనుంచి ఒకసారి జారిపడ్డాను కూడా. అయ్య మాత్రం నేలవైపు చూస్తూ ఉన్నాడు. ఆయన పూచీ అక్కడ అందరి కాళ్లమధ్యా పడి ఉన్నట్టు అనిపించింది నాకు.

"ఆయన్నే అడుగుదాం," అన్నాడు ఆఖరికి. "ఆదివారం బళ్ల కోసం వస్తాడు గదా."

ఆదివారం మెంబరుగారు వచ్చాడు. పంచె మీద కోటు, చేతిలో వెండిపొన్ను కర్ర. నన్ను చూసి నిజంగానే ముఖం విప్పారింది. "మా సత్రం భోజనం వృథా పోలేదన్నమాట!" అని భుజం తట్టాడు. ఆ క్షణంలో కాగితం జేబులో లేకపోతే బాగుండుననిపించింది.

అయ్య నిలబడి చేతులు కట్టుకునే అడిగాడు. "బాబూ, ఎద్దుబళ్లని వదిలీమన్నప్పుడు తమరెందుకు కూకుండిపోనారు?"

ఆయన నావైపు చూశాడు. వార్త ఎక్కడినుంచి వచ్చిందో అర్థమైంది. కోప్పడతాడనుకున్నాను. ఆయన కర్ర పక్కన పెట్టి, బండి చక్రానికి ఆనుకుని, మామూలుగా చెప్పాడు. "మంత్రిగారు కబురు పెట్టారు. సవరణకి ఓటెయ్యకుండా ఉంటే ఘాటీ కింద గెడ్డ మీద వంతెన కట్టిస్తానన్నారు. వానాకాలం మీ బళ్లు ఆ గెడ్డ దగ్గర రోజుల తరబడి ఆగిపోవడం నాకు తెలుసు. ఆశీలు ఇవాళ కాకపోతే రేపు ఎలాగూ వస్తుంది. వంతెన మళ్లీ రాదు."

ఆ గెడ్డ వరదలో ఎద్దుల్ని పోగొట్టుకున్నవాళ్లు ఆ గుంపులోనే ఉన్నారు. వంతెన మాట విన్నాక అంతదాకా గట్టిగా ఉన్నవాళ్లు కూడా మెత్తబడ్డారు. నేనైతే నా కాగితంలో ఇది లేదే అనుకున్నాను. అచ్చువేసిన పేర్ల వెనక ఇంత సంగతి ఉంటుందని నాకు తట్టలేదు.

"వంతెన ఒచ్చినాదా?" అన్నాడు మావ.

"వస్తుంది."

"మరి మాతో ఒక్క ముక్క సెప్పలేదేటి బాబూ? రెండో ఓటు సంగతి మాత్రం పండగలా సెప్పినారు."

"చెబితే మీరు ఒప్పుకునేవాళ్లా?"

"ఒప్పుకుందుమేమో," అన్నాడు అయ్య. "వంతెన కావాలా, ఆశీలు పోవాలా అని మమ్మల్ని అడిగితే మేం వంతెనే అందుమేమో. ఆ గెడ్డ మాది, ఎద్దులు మావి. తమరు అడగలేదు. ఇప్పుడు ఆ మాట ఎవులం సెప్పలేం."

మెంబరుగారు పక్కన పెట్టిన కర్ర మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

అయ్య గుంపువైపు తిరిగాడు. "పూచీ పడ్డాను. ఇప్పుడు ఎనక్కి తీసుకుంటన్నాను. సంఘం బళ్లు ఇవ్వొద్దు. నా మాట తప్పైపోనాది కాబట్టి ముందుబండి కూడా మీకు తోచినోడికి ఇచ్చీండి."

"పూచీ ఎనక్కి తీసుకో బావా," అన్నాడు మావ, "బండి మాత్రం ముందే ఉంచు. నీ దుమ్ము తినడం మాకు అలవాటైపోనాది, కొత్తోడి దుమ్ము ఎలాగుంటాదో ఏటో!"

ఆ నవ్వులో అయ్య భుజాలు ఒక్కసారి దిగాయి. కళ్లు తుడుచుకున్నాడో, దుమ్ము తుడుచుకున్నాడో నేను చూడలేదు. తర్వాత మెంబరుగారి దగ్గరికి నడిచి వెళ్లాడు.

"సంఘం బళ్లు రావు బాబూ. గానీ మా గుంటడు తమ అన్నం తిని సదువుకున్నాడు. అది సంఘం తినలేదు, నాను తిన్నట్టే. పోలింగు రోజు నా బండి తమది. కిరాయి లేదు."

మెంబరుగారు తల ఊపి వెళ్లిపోయాడు.

పోలింగు రోజు పొద్దున్నే అయ్య నన్ను కూడా బండి ఎక్కమన్నాడు. మెంబరుగారి మనిషి చెప్పిన ఊరికి వెళ్లి నలుగురు ఓటర్లను ఎక్కించుకున్నాం. భూమి ఉన్న రైతులు, ఉతికిన కండువాలు. వాళ్లలో పెద్దాయన కాస్త దూరం వెళ్లాక అయ్యనే అడిగాడు.

"బండి పంపింది ఆయన. మరి ఓటు ఆయనకే ఎయ్యాలేటి?"

"ఓటు తమది. నాను బండి ఇచ్చినాను, నోరు ఇవ్వలేదు."

"అదేటి, అలాగంటన్నావు? ఆయనేటి సేసినాడేటి?"

అయ్య వెనక్కి తిరగకుండానే అన్నాడు. "మా గుంటణ్ని అడగండి. రెండూ సెప్పరా. మంచిదీ సెప్పు, సెడ్డదీ సెప్పు. వంతెన సంగతి మరిసిపోకు."

ఇక నన్ను ఆపేదెవరు? సవరణ, లెక్క, న్యూట్రల్, వంతెన, అన్నీ చెప్పాను. వాళ్లు మధ్యమధ్యలో ఆపి అడుగుతున్నారు, నేను మళ్లీ వెనక్కి వెళ్లి చెబుతున్నాను. అయ్య ఎద్దుల్ని అదిలించడం మానేశాడు. అవి వాటి ఇష్టంగా నడిచాయి. వెనక ఎవరిదో గుర్రబ్బండి మమ్మల్ని దాటిపోయింది.

పోలింగు జరిగే బడి కనబడుతుండగా పెద్దాయన గడ్డం గోక్కుంటూ అడిగాడు. "సరే, ఈయన సంగతి తెలిసింది. మరి పోటీగా నిలబడినాయన? ఆయన ఆ రోజు ఉండుంటే ఎటేసును?"

ఆయన ఎప్పుడూ కౌన్సిలుకి వెళ్లలేదు. నా కాగితంలోనూ, మా కాలేజీ బీరువా మొత్తంలోనూ ఆయన పేరు ఉండదు. తెలీదన్నాను.

"తెలీదా?" పెద్దాయన మిగతా ముగ్గురివైపు చూశాడు. "బీయే పాసైనోడికే తెలీదట. మరి మనం ఎలాగ సూడాలి?"

ఆ ముగ్గురూ తలా ఒకటి చెప్పడం మొదలుపెట్టారు. బండి బడిముందు ఆగింది గానీ, మాట తెగేదాకా ఎవరూ దిగలేదు. అయ్య కూడా దిగమనలేదు.