నా గేయంలో పారిన ఏరు

పందొమ్మిది వందల యాభైల చివరి నాటి మాట ఇది. గుమ్మఘట్ట దగ్గర మా పల్లె బడిలో ఐదో తరగతి చదివేదాన్ని. బడి వార్షికోత్సవంలో చదవడానికి, నా గురించి నన్నే నాలుగు పంక్తుల గేయం రాయమన్నారు మా అయ్యవారు.

మా వాచకంలోని గేయాలన్నిట్లోనూ ఏరో, వానో ఉండేది. నీళ్లు లేకుంటే అది గేయమే కాదనుకున్నాను. "మా ఇంటి వెనక ఏరు పారును, ఏటిలో నేను చేపనౌదును" అని మొదలుపెట్టి రాసినాను.

సభలో గొంతెత్తి చదువుతుంటే, కూలి పని మానుకుని వచ్చిన మా అమ్మ జనం మధ్యలోంచి లేచి నిలబడింది.

"ఏమే, ఆ ఏరు యాడుండాది? దినామూ మైలు దూరం పోయి నీళ్లు మోస్తాండానే, నాకెందుకు చెప్పలేదు?"

అందరూ నవ్వినారు, అయ్యవారితో సహా. కాగితం అక్కడే పడేసి ఇంటికి పరుగెత్తినాను.

అమ్మ ఇంటికొచ్చి తిట్టలేదు. మర్నాడు పొద్దున్నే నా చేతికి చిన్న బిందె ఇచ్చి, తనతో బావికి తీసుకుపోయింది. బిందె నెత్తిన పెట్టుకుని తిరిగొచ్చేసరికి సగం నీళ్లు నా పరికిణీ మీదే ఒలికిపోయినాయి. అమ్మ బిందె దించి, నా మెడ నిమిరి, "ఇప్పుడు రాయి" అనింది.

రెండే పంక్తులొచ్చినాయి. "నేను మోసింది నిండు బిందె, ఇల్లు చేర్చింది సగం." చదువు రాని అమ్మ వాటిని రెండుసార్లు చదివించుకుని వినింది.

తర్వాత చాలా రాసినాను. లేని ఏరు మాత్రం మళ్లీ పారించలేదు.