ఉప్పు తగలని కట్టు

మా బోటు నాగాయలంక దిగువన ఆ లంక గ్రామాన్ని చేరేసరికి ఉదయం ఆరుంపావు. వాన తెరిపి ఇచ్చింది. గాలి తూర్పు నుంచి వీస్తోంది. కరకట్టకు ఇవతల మోకాలి లోతు వరద నీరు, అవతల సముద్రపు పోటు. సెల్ టవర్లు పనిచేయడం లేదు. మాకిచ్చిన ఆజ్ఞ ఒక్కటే: దారి తెరుచుకునే వరకు స్కూలు భవనంలో వైద్య శిబిరం నడపాలి. డాక్టరు తెలుగు రాని ఒక ఆర్మీ మేజరు. నేను ఆయనకు నర్సింగ్ అసిస్టెంటును. మాది పెదపారుపూడి కనుక ఊరివాళ్ళతో మాట్లాడే పని కూడా నాదే. పుట్టిన జిల్లాలో డ్యూటీ చేయడం నా సర్వీసు మొత్తంలో అదొక్కసారే.

మొదటి రోజే నాంచారయ్య వచ్చాడు. సముద్రపు వేట అతని వృత్తి. జెల్ల చేప ముల్లు దిగిన కుడి పాదం చీము పట్టింది. పుండు పొడవు ఆరు సెంటీమీటర్లు. జ్వరం లేదు. అతని భార్య వీరమ్మ మచిలీపట్నం ఆసుపత్రి రిపోర్టు అందించింది. పరీక్షించిన యాంటీబయాటిక్ మందుల్లో చాలావాటికి ఆ క్రిములు లొంగలేదు. తగ్గకపోతే సగం పాదం తీసేయవలసి వస్తుందని అక్కడి సర్జన్ చెప్పాడట.

"సగం పాదంతో పడవ మీద నిలబడేదెట్టాగండీ?" అన్నాడు నాంచారయ్య.

మేజరు పుండు శుభ్రం చేసి, వెండి పూత ఉన్న కట్టు వేశాడు. అది తడిగా ఉంటేనే వెండి క్రిముల మీద పనిచేస్తుంది. ఆ మాట తెలుగులో చెప్పాను. మూడు రోజులకొకసారి కట్టు మార్చాలి. మా పెట్టెలో ఉన్నవి నాలుగే.

రెండు కట్లు అయిపోయాయి. పుండు ఆరు సెంటీమీటర్లే. వాసన తగ్గలేదు. మామూలు గుడ్డ కట్టు వేసి, దారి తెరవగానే ఆపరేషనుకు పంపుతామని రేడియోలో కబురు పెట్టమన్నాడు మేజరు.

ఆ సంగతి చెప్పడానికి వెళ్ళేసరికి నాంచారయ్య ఉప్పుకాలువ ఒడ్డున కూర్చుని, కట్టుతో సహా పాదాన్ని నీళ్ళలో ముంచి ఉన్నాడు.

"ఇదేం పనండీ?"

"తడి ఆరకూడదని మీరేగా అన్నారు. మొదటి రోజు నుంచీ ముంచుతూనే ఉన్నానండి. పుండుకి సముద్రపు నీళ్ళని మించింది లేదండి. మా తాత నాటి నుంచీ ఇంతే."

మేజరుకు చెప్పాను. ఆయన వెంటనే ఆ తడి కట్టు విప్పేశాడు. "వెండి ఉప్పుతోనే కలిసిపోతుంది. క్రిములకు ఇంకేం మిగులుతుంది? వెండి కట్టుకు ఉప్పు కలిసిన సెలైన్ కూడా వాడం. మంచినీళ్ళతో మళ్ళీ మొదలుపెడదాం."

మంచినీటి క్యాను ఇంటికి ఒకటే ఇస్తున్నాం. వీరమ్మ అందులోంచే తీసి కాచి, చల్లార్చి తెచ్చేది.

"రాజయోగమంటే నీ పాదానిదేనయ్యా. నేను గుక్కెడు తాగాలంటే ఆలోచించుకోవాలి, దానికి మాత్రం అభిషేకాలు."

మూడో కట్టు విప్పినప్పుడు వాసన లేదు. నాలుగోది విప్పి కొలిచాను: నాలుగున్నర. వెండి కట్లు అయిపోయాక మేజరు పుండ్ల కోసమే శుద్ధి చేసిన తేనె ట్యూబు తీశాడు.

"తేనె కాలికి పూస్తారా? చీమలు ఎత్తుకుపోతాయండి ఈయన్ని," అంది వీరమ్మ.

"ఎత్తుకుపోతే రేడియోలో చెప్తాలే అత్తా, వెతికిస్తారు," అన్నాడు మా రేడియో ఆపరేటరు. శ్రీకాకుళం మనిషి. నాంచారయ్య నవ్వడం అప్పుడే చూశాను.

దారి తెరుచుకున్న రోజు మచిలీపట్నం సర్జన్ స్వయంగా బోటులో వచ్చాడు. అప్పటికి పుండు మూడున్నర; అంచులు ఎర్రగా, శుభ్రంగా ఉన్నాయి. ఆయన రెండుసార్లు నొక్కి చూశాడు. ఆపరేటరు సెట్టు దగ్గర ఎదురుచూస్తున్నాడు.

"ఆపరేషను అక్కర్లేదని చెప్పండి," అన్నాడు సర్జన్.

అదే సాయంత్రం నాలుగున్నరకు మేము బయలుదేరాం. మచిలీపట్నంలో లారీ ఎక్కాం. గుడివాడ దాటాక మా ఊరి దారి కనిపించింది. ఆగడానికి ఆజ్ఞ లేదు. రిటైరై ఇప్పుడు ఆ ఊళ్ళోనే ఉంటున్నాను. నేను కొలిచిన చివరి కొలత మూడున్నర. ఆ తర్వాతి కొలత నాకు తెలియదు.

తెలిసింది ఒక్కటే. మా బోటు కదిలినప్పుడు లేచిన అల ఒడ్డుకు పోయింది. ఉప్పునీళ్ళలోనే పుట్టి పెరిగిన ఆ మనిషి వీరమ్మ భుజం పట్టుకుని, కొంగలాగా ఒంటికాలి మీద నిలబడ్డాడు. కట్టు ఉన్న పాదాన్ని పైకెత్తి, అల వెనక్కి మళ్ళే దాకా దించలేదు.