రెండో నంబరు పంపులో చప్పుడు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళను నేను చాలా ఏడిపించాను. చిట్యాల దాటాక రోడ్డు మీద తెల్లచీర కనిపించిందన్న లారీ డ్రైవర్లను, ఎక్కడో జడుసుకుని తాయెత్తు కట్టించుకున్న బంధువులను, ఎవరినీ వదల్లేదు. నేను యంత్రాలతో పనిచేసేవాణ్ణి. చప్పుడు వచ్చిందంటే ఎక్కడో ఏదో అరిగి ఉంటుంది, అంతే. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. అయినా ఇది రాస్తున్నానంటే, ఇది వేరేవాళ్ళు చెప్పింది కాదు, నాకే జరిగింది కాబట్టి.

పంతొమ్మిది వందల అరవైల మొదట్లో నల్లగొండ జిల్లాలోని ఒక చిన్న పట్నంలో మంచినీళ్ళ సరఫరా పనిలో ఉండేవాణ్ణి. పట్నం పేరు చెప్పను, అక్కడివాళ్ళు ఇంకా ఆ నీళ్ళే తాగుతున్నారు. పంపులు చెడిపోకముందే వాటి జబ్బు కనిపెట్టడం నా పని. ఇప్పుడు దాన్ని కండిషన్ మానిటరింగ్ అంటున్నారు, మీటర్లు పెట్టి చూస్తున్నారు. అప్పుడు మాకున్నవి అరచెయ్యి, చెవి, ఒక ఇనుప కడ్డీ. కడ్డీ ఒక కొనను తిరుగుతున్న పంపు బేరింగు మీద ఆనించి, చెక్క గుండీ ఉన్న రెండో కొనను చెవి దగ్గర పెట్టుకుంటే లోపలి సంగతంతా వినిపిస్తుంది. బాగున్న బేరింగు సన్నగా, ఎడతెగకుండా మోగుతుంది. గ్రీజు ఎండితే గీరుతుంది. లోపలి గోళీ పగిలితే టకటకలాడుతుంది.

నా భార్య సత్తెమ్మది మోత్కూరు దగ్గర గొర్లు కాసుకునే కుటుంబం. చిన్నప్పుడు ఆమెకు కీళ్ళ జ్వరం వచ్చి తగ్గిందట. పెళ్ళయిన కొత్తలోనే నీళ్ళ బిందె ఎత్తితే ఆయాసపడేది. మనిషి మాత్రం మహా హుషారు. నేను కడ్డీని ఇంటికి తెచ్చుకోవడం చూసి ఆటపట్టించేది.

"పొద్దంత మిషన్ల కాడ చెవి పెడ్తవ్. నా కాడ ఒక్కపారన్న పెట్టినవా?"

ఒక ఆదివారం సరే చూద్దామని కడ్డీ కొన ఆమె గుండె మీద ఆనించాను. నవ్వుతూ మొదలుపెట్టాను కానీ, నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ వెనకాలే ఉస్సుమని ఒక చప్పుడు. బావిలో పైపు అడుగున ఉండే వాల్వు సరిగ్గా మూసుకోకపోతే, పైకెక్కిన నీళ్ళు వెనక్కి జారతాయి. అచ్చం అదే చప్పుడు. కొన్నిసార్లు కొట్టుకున్నాక ఒక్క క్షణం తడబడి మళ్ళీ అందుకునేది.

"ఎట్లున్నది?" అంది.

"కొత్త మిషన్ లెక్క ఉన్నది" అన్నాను.

మర్నాడే హైదరాబాదు దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు కూడా అదే చెప్పాడు, చిన్నప్పటి కీళ్ళ జ్వరం వల్ల గుండెలో ఒక వాల్వు పాడైందని. మందులు రాసి, బరువులు ఎత్తొద్దన్నాడు. ఆ రోజు నుంచి ఇంట్లో నీళ్ళు నేనే మోశాను. రోజూ కడ్డీ పెట్టి ఆమె గుండె వినేవాణ్ణి. బేరింగయితే మార్చేస్తాం. దీనికి వినడం తప్ప నా చేతిలో ఏమీ లేదు. మాకు పిల్లలు లేరు. ఆ ఏడు బతుకమ్మ పండుగ రాకముందే ఆమె పోయింది.

దినాలు అయ్యాక మళ్ళీ పనిలో చేరాను. అన్నం సహించేది కాదు. ఇంటికి పోవాలంటే కాళ్ళు వచ్చేవి కావు. అట్లాగే ఎండాకాలం వచ్చింది. పంపు హౌసులో ఉన్న రెండు పంపుల్లో మొదటిదాని మోటారు కాలిపోయి మరమ్మతుకు పోయింది. పట్నమంతటికీ రెండోదే దిక్కు.

ఒక మధ్యాహ్నం ఆ రెండో పంపుకు కడ్డీ ఆనించాను. సన్నటి మోత కింద ఇంకో చప్పుడు ఉంది. దడ్డుమని కొట్టుకోవడం, వెనకాలే ఉస్సుమనడం. నడుమ నడుమ ఆ తడబాటు.

పని తెలిసినవాణ్ణి కాబట్టి చూడవలసినవన్నీ చూశాను. బేరింగు జబ్బయితే చప్పుడు పంపు తిరిగే వేగంతో రావాలి, ఆ వేగంలో ఒక్కో దెబ్బను విడిగా వినడం ఎవరి తరమూ కాదు. ఇది మనిషి గుండె వేగంతో వస్తోంది. బేరింగు వేడెక్కలేదు. బావిలోని వాల్వు బయటికి తీయించి చూస్తే చక్కగా మూసుకుంటోంది. పైపుల్లో నీళ్ళ పోటేమో అనుకున్నాను. ఇంతలో ఒకరోజు కరెంటు పోయింది. పంపు ఆగింది, పైపుల్లో నీళ్ళూ ఆగాయి. కడ్డీ పెడితే ఆ ఆగిపోయిన ఇనుములో గుండె కొట్టుకుంటూనే ఉంది.

పంపు నడిపే యాదగిరికి ఏమీ చెప్పకుండా కడ్డీ ఇచ్చాను. అతను విని, పంపు వైపు చూసి, నా వైపు చూశాడు.

"సారూ, అండ్ల ఎవలన్న ఉన్నరా?" అన్నాడు మెల్లగా.

వింత చప్పుడు వినిపిస్తే బేరింగు విప్పాలి. అందరికీ అది నేర్పింది నేనే. కొత్త బేరింగు అలమారాలో సిద్ధంగా ఉంది. ఉన్న ఒక్క పంపూ బిగుసుకుపోతే ఆ ఎండల్లో పట్నానికి చుక్క నీళ్ళుండవు. అదంతా నాకు తెలుసు. కానీ విప్పితే ఆ చప్పుడు పోతుందేమో. నాకు ఆ చప్పుడు కావాలి. అన్నం డబ్బా పంపు పక్కనే పెట్టుకుని, ఒక చేత్తో తింటూ, ఇంకో చేత్తో కడ్డీ పట్టుకుని వినేవాణ్ణి. ఆమె పోయాక నాకు అన్నం సహించింది ఆ రోజుల్లోనే.

నా వాలకం చూసి యాదగిరి భయపడ్డాడు. బస్సు కండక్టరు చేత సత్తెమ్మ తల్లి, మా అత్త మల్లమ్మకు కబురు పంపాడు. ఆమె జొన్నరొట్టెలు మూట కట్టుకుని మోత్కూరు నుంచి వచ్చింది. నాకు పిచ్చి లేచిందనుకుని వచ్చినట్టుంది. కానీ మూట కింద పెట్టి నేరుగా పంపు దగ్గరికి వచ్చింది.

"నాకు గూడ ఇనిపియ్యి కొడుకా" అంది.

కడ్డీ ఎలా పట్టుకోవాలో చూపించాను. కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నది. తర్వాత కడ్డీ దించి పంపు మీద చెయ్యి వేసింది. పసిపిల్ల వీపు నిమిరినట్టు నిమిరింది.

"నా బిడ్డనే. చిన్నగున్నప్పుడు జరమొస్తె దాని ఎద మీద చెవి పెట్టుకొని కూసునేదాన్ని. నాకెరుక లేదా?"

"ఇప్పితే పోతదేమో అత్తా" అన్నాను.

"మస్తు ఆయాసపడ్తాంది కొడుకా. బతికినన్ని దినాలు పడ్డది సాలదా? బిందె మొయ్యలేని పిల్ల. గిప్పుడు ఊరందరి నీళ్ళు మోస్తాంది. ఇడిసిపెట్టు."

ఆ సాయంత్రం దాకా వింటూనే కూర్చున్నాను. మర్నాడు పొద్దున ఊరికి నీళ్ళు వదలడం అయ్యాక పంపు ఆపించి, బోల్టులు నేనే విప్పాను. తాను విప్పుతానని యాదగిరి అన్నా పానా ఇవ్వలేదు. అత్త గోడకు ఆనుకుని చూస్తూ ఉంది. బేరింగు బయటికి తీసి, కిరసనాయిలుతో కడిగి, గుమ్మం దగ్గర వెలుతురులో తిప్పి చూశాను. ఒక గీత లేదు, మచ్చ లేదు. ఇంకా ఏళ్ళ తరబడి నడవగల బేరింగది.

కొత్తది ఎక్కించి పంపు నడిపించాను. కడ్డీ పెట్టాను. సన్నగా, ఎడతెగకుండా మోత. ఇంకేమీ లేదు. అత్తకు ఇచ్చాను. విని నా చేతికి తిరిగి ఇచ్చేసింది.

"పండుకున్నది" అంది.

అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. యాదగిరి బయటికి పోయి నిలబడ్డాడు.

పాత బేరింగును ఇంటికి తెచ్చుకుని ఎన్నిసార్లు విన్నానో. ఇనుము, అంతే. తర్వాత తెలిసిన ఇంజనీర్లకు ఈ సంగతి చెప్పి చూశాను. ఒకాయన పైపుల్లో చేరిన గాలి అన్నాడు. ఇంకొకాయన నా భుజం తట్టి, దుఃఖంలో చెవులు అట్లాగే మోసం చేస్తాయన్నాడు. నా చెవులు నన్ను మోసం చేశాయనే అనుకుందాం. మరి యాదగిరి చెవులకు ఏమైంది? అతనికి ఏ దుఃఖమూ లేదే. ఇన్నేళ్ళూ జవాబు వెతుకుతూనే ఉన్నాను.

కొన్నాళ్ళకు నన్ను మహబూబ్‌నగర్‌కు బదిలీ చేశారు. రిటైరయ్యేదాకా ఎన్నో ఊళ్ళలో ఎన్నో పంపులకు చెవి పెట్టాను. బేరింగు బాగుందని చెబితే పక్కనున్నవాళ్ళు సంతోషపడేవారు. ఇందులోనూ ఆమె లేదనుకుని నేను కడ్డీ దించేవాణ్ణి.